రత్తమ్మ అందుకున్న వాయనం

సత్యవాణి కడుపులో మాట దాగదని, ఆమె దేశం దాటొచ్చి కాపురముంటున్న హౌగాంగ్‌లో తెలుగు వచ్చిన ప్రతి ఇంటికీ తెలుసు. పొద్దున ఆమె చెవిన పడేసిన సంగతి మధ్యాహ్నానికల్లా ఊరి ఆ చివరున్న వుడ్‌ల్యాండ్స్ చేరుతుందని కట్టుకున్న మొగుడు వీరభద్రరావే నవ్వేవాడు. అలాంటి మనిషి పన్నెండు రోజులుగా ఒకే ఒక్క మాటను దాచుకుని తిరుగుతోంది. అన్నం సయించడం లేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఇంట్లో పనికి ఉండే రత్తమ్మ చూసి చూసి, "మీరు కూర్చోండమ్మగారూ" అని గరిటె లాక్కుంది. వీరభద్రరావు మాత్రం ఆ పప్పే మారుమాట్లాడకుండా తిని లేచాడు. పాతికేళ్ల కాపురం ఎవరికైనా ఆ మాత్రం బుద్ధి నేర్పుతుంది.

ఆ మాట రాజారావు ఫోన్లో చెప్పింది. రాజారావూ, సాయి కిరణూ, సాయికి పెళ్లి కాకముందు, వీళ్ల బ్లాకులోనే ఒక గదిలో అద్దెకుండేవారు. ఇద్దరూ సైన్స్ పార్క్‌లో కంప్యూటర్ల పని. రెండేళ్లపాటు ఆదివారం భోజనం సత్యవాణి చేతి మీదుగానే తిన్నారు. కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని భయపెట్టిన వై టూ కే గండం గట్టెక్కిన సంవత్సరం ఇది. ఇక పనులు పోతాయనుకున్నవాళ్లందరికీ రెట్టింపు జీతాలతో పిలుపులు వస్తున్నాయి. రాజారావు కూడా కొత్త కంపెనీకి మారాడు. కొత్త కంపెనీ అంటే ఇక్కడ పని చేసుకోవడానికి కొత్త పాస్, కొత్త పాస్ అంటే మళ్లీ వైద్య పరీక్ష. రక్తం చూశారు, పాస్ ఇవ్వలేదు. నెల తిరక్కుండా మనిషి కాకినాడలో ఉన్నాడు. జ్వరం తగ్గడం లేదని అందరికీ చెప్పి వెళ్లాడు.

"జ్వరం కాదాంటీ, హెచ్ఐవీ" అన్నాడు ఫోన్లో. ఆ మూడక్షరాలూ చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. "శనివారాలు నేనూ సాయీ పడవెక్కి అవతలి దీవికి పోయేవాళ్లమండి. ఇద్దరం ఒకే చోటికి. మొన్న వాడికి ఫోన్ చేసి, నువ్వూ చూపించుకోరా అన్నాను. నాకేం లేదు, నీ పని నువ్వు చూసుకో అని పెట్టేశాడు. వాడి భార్య కడుపుతో ఉందట కదండీ."

సాయి కిరణ్ భార్య వర్షితకు నాలుగో నెల. పుల్లటిది ఏముందాంటీ అంటూ వారానికి రెండుసార్లు వచ్చి, వంటింటి గట్టు మీద ఎక్కి కూర్చునే పిల్ల.

"మా ఇద్దరి సంగతీ మీ నోటి నుంచి రాకూడదు. నా మీద ఒట్టేయండి" అన్నాడు రాజారావు. కన్నీళ్లతో అడిగినవాడికి కాదనలేక, ఒట్టు అనేసింది. అనేశాక తెలిసింది, తన నోటికి తనే తాళం వేసుకుందని.

ఊరుకునే మనిషి కాదు గనక ప్రభుత్వపు పాలీక్లినిక్‌కి వెళ్లి, ఎవరి కోసమో అన్నట్టు నర్సును అడిగింది. తల్లికి ముందుగా తెలిస్తే బిడ్డకు సోకకుండా కాపాడే మందులున్నాయి, నాలుగో ఐదో నెలలో మొదలుపెడితే మంచిది అని ఆ అమ్మాయి చెప్పింది. గర్భిణికి చేసే మామూలు పరీక్షల్లో అది ఉండదనీ, అడిగితేనే చేస్తారనీ చెప్పింది. ఆ పరీక్ష చేసే ఒక చోటి చిరునామా కూడా రాసిచ్చింది. అక్కడ పేరు అడగరు, పాస్‌పోర్టు అడగరు. ఒక నంబరిస్తారు, వారం తర్వాత ఆ నంబరు చెబితే ఫలితం చెబుతారు.

ఇక మిగిలింది వర్షితను ఆ గుమ్మం ఎక్కించడం. ఎలా? నీ మొగుడి మీద అనుమానం అంటే ఒట్టు పోతుంది, ఒకవేళ ఏమీ లేకపోతే కాపురమూ పోతుంది. నోరు మూసుకుంటే పుట్టబోయే బిడ్డ పోతుంది. కాలుగాలిన పిల్లిలా ఫ్లాటంతా తిరిగింది. చివరికి టెక్కా మార్కెట్లో శ్రావణ శుక్రవారం పేరంటానికని తమలపాకులు ఏరుతుండగా తట్టింది. ఒక్కదాన్ని పంపాలంటే పేరు చెప్పాలి. అందర్నీ పంపితే ఎవరి పేరూ చెప్పక్కర్లేదు.

వాయనంగా పుచ్చుకున్నది తిరిగి ఇవ్వకూడదని సత్యవాణి తల్లి చెప్పేది. అది గుర్తొచ్చి, ఆ చిరునామాను ఇరవై రెండు చీటీల మీద తన గుండ్రటి అక్షరాలతో రాసింది. పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ, నానబెట్టిన శనగలు, తమలపాకులు. ఆ ఆకుల మధ్యలో చీటీ. తర్వాత కుంకుమ భరిణె పట్టుకుని రెండు రోజులు బస్సులెక్కి దిగింది. హౌగాంగ్, సెరంగూన్, బిషాన్, ఆఖరికి వుడ్‌ల్యాండ్స్. అక్కడ కమరున్నీసా ఉంటుంది, పన్నెండేళ్ల స్నేహం. ఆమెకు బొట్టు పెట్టదు, చేతికి గంధం రాసి పిలుస్తుంది. ఏ యేడూ మానకుండా ఆమె వస్తుంది.

పొట్లాలన్నీ కట్టింది రత్తమ్మే. చీటీ పెట్టబోతూ ఒకసారి విప్పి చదివింది. మళ్లీ మడిచి ఆకుల మధ్య పెట్టింది. రత్తమ్మ మొగుడు పోయిన మనిషి. బొట్టు పెట్టి పిలిచే పేరంటంలో ఆమెకు చోటు లేదు. శనగలు నానబెట్టడం, గిన్నెలు కడగడం ఆమె వంతు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, సత్యవాణికి అసలే తోచలేదు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చి, పట్టుచీరలు చుట్టుకుని అందరూ చేరారు. వసారా పొడుగునా ఈ దేశపు జాతీయ దినోత్సవానికి కట్టిన జెండాలు ఇంకా ఎగురుతున్నాయి. గుమ్మం ముందు చెప్పులు లిఫ్టు దాకా పరుచుకున్నాయి. సత్యవాణి ఒక్కొక్కరికీ పాదాలకు పసుపు రాసి, కొంగు కప్పి, కొంగు చాటున పొట్లం అందించింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

అందరి చేతుల్లోకీ పొట్లాలు వెళ్లాక లేచి నిలబడింది. రెండు రోజులు వల్లెవేసుకున్న మాటల్లో సగం మరిచిపోయింది. చివరికి చెప్పేసింది. "ఆకుల మధ్య ఒక చీటీ ఉంది. హెచ్ఐవీ పరీక్ష చేసే చోటు అది. పేరడగరు. అందరం ఒకసారి వెళ్లొద్దాం."

ఒకరిద్దరు పొట్లాలు విప్పి ఆకుల్లోకి చూశారు.

"మాకెందుకాంటీ అది" అంది ఒకామె. "మా వారు అలాంటివారు కాదు" అంది ఇంకొకామె. తెలిస్తే పాస్ రద్దు చేసి విమానం ఎక్కిస్తారట అని వెనక నుంచి ఎవరో గొణిగారు. పూజ రోజున ఈ మాటలేమిటని ఒక పెద్దావిడ మొహం చిట్లించింది. వర్షిత నవ్వుతూనే తన పొట్లం విప్పి, ఆకుల మధ్య నుంచి చీటీ తీసి, సత్యవాణి పక్కనున్న పళ్లెంలో పెట్టింది.

"ఇది అవసరమున్న వాళ్లకెవరికైనా ఇవ్వండాంటీ. మా ఇంట్లో అక్కర్లేదు."

ఎవరి కోసం ఇంత చేసిందో ఆ పిల్లే తిరిగి ఇచ్చేసింది. ఏదో ఒకటి అనాలి, ఏమీ అనకూడదు. అంతలో కమరున్నీసా తాపీగా తల పైకెత్తింది.

"గిదంతా మంచిగనే ఉంది గని సత్యవాణీ, మరి నువ్వు చేయించుకున్నవా?"

ఇరవై రెండు జతల కళ్లు సత్యవాణి మీదికి తిరిగాయి. ఆమె చేయించుకోలేదు. చేయించుకోవాలని ఈ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా అనిపించలేదు. పరీక్షలు ఎదుటివాళ్లకే అన్నట్టు చీటీలు రాసుకుంటూ కూర్చుంది.

"నేను చేయించుకున్నానండి."

మాట వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. తడిచేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ రత్తమ్మ నిలబడి ఉంది. గడప దాటలేదు.

"ఏమనుకోకండమ్మగారూ, మధ్యలో మాట్లాడుతున్నానని. మా ఆయన బోరుబండి మీద దేశమంతా తిరిగేవాడండి. ఈ రోగంతోనే పోయాడు. ఆయన పోయాక మూడేళ్లు నేను పరీక్షకి పోలేదు. ఎలాగూ ఉంటుంది, చూపించుకుని ఏం చేస్తాను అనుకున్నాను. దగ్గొస్తే అదే అనుకున్నాను. జుట్టు ఊడితే అదే అనుకున్నాను. నా కూతురికి ఆరేళ్లప్పుడు, ఒంటికి తగిలితే అంటుకుంటుందేమోనని దాన్ని దగ్గర పడుకోబెట్టుకోవడం మానేశాను. తర్వాత ఇక్కడ పనికి రావాలంటే పరీక్ష తప్పదన్నారు. వెళ్లాను. నాకు లేదన్నారండి. లేని రోగంతో మూడేళ్లు చచ్చాను. దగ్గర పడుకున్నా ఏం కాదని కూడా అప్పుడే చెప్పారు. అప్పటికి పిల్లకి తొమ్మిదేళ్లు. ఇక అదే నా దగ్గరికి రాలేదు."

రత్తమ్మ కొంగు భుజాన సర్దుకుంది.

"ఇక్కడ మా పనివాళ్లకి ఆరు నెలలకోసారి డాక్టరండి. రెండేళ్లకోసారి ఈ రక్తం కూడా చూస్తారు. సిగ్గేస్తుందా అని మమ్మల్ని ఎవరూ అడగరు. అమ్మగారే కాయితం పట్టుకుని తీసుకెళ్తారు."

నిజమే. సత్యవాణే తీసుకెళ్తుంది. రత్తమ్మ లోపలికి వెళ్తే తను బయట కూర్చుని వారపత్రిక చదువుకుంటుంది. అటునుంచి అటే కూరలు కొనుక్కుని వస్తారు. ఎలా ఉంది అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. అందర్నీ పరీక్షకి పంపాలని ఊరంతా తిరిగిందే గాని, ఎన్నోసార్లు వెళ్లొచ్చిన మనిషి తన వంటింట్లోనే ఉందని ఆమెకు తట్టనే లేదు. బొట్టు పెట్టి పిలిచినవాళ్లలో ఆమె లేదు మరి.

"సూది ఏం బాధ ఉండదండి" అంది రత్తమ్మ, ఈసారి గొంతు తగ్గించి. "ఆ బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చోవడమే కష్టం. అమ్మగారు సెలవిస్తే రేపు మధ్యాహ్నం నేను ఆ చీటీలో ఉన్న చోటికెళ్లి కూర్చుంటాను. ఎవరైనా వస్తే పక్కన ఉంటాను. నన్ను పేరంటానికి పిలవకూడదు గానీ, అక్కడికి పిలవడానికి బొట్టుతో పనిలేదు కదండీ."

అని లోపలికి వెళ్లిపోయింది. కొళాయి తిప్పిన చప్పుడు, గిన్నెల చప్పుడు. హారతి అయింది, చెప్పులు వెతుక్కుని అందరూ వెళ్లిపోయారు. సత్యవాణి పళ్లెం తీయబోతూ చూసింది. వర్షిత తిరిగి పెట్టేసిన చీటీ అందులో లేదు. ఫ్యాను గాలికి ఎగిరిందేమోనని సోఫా కింద కూడా వెతికింది. అక్కడా లేదు.

మర్నాడు బస్సులో సత్యవాణి, రత్తమ్మ పక్కపక్కన కూర్చున్నారు. రత్తమ్మ పనికి చేరిన ఆరేళ్లలో అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ రత్తమ్మ సంచులతో వెనక నిలబడేది. "ఎవరూ రారు రత్తమ్మా" అంది సత్యవాణి. "రాకపోతే మీరు చేయించుకోండి, నేను పక్కన కూర్చుంటాను" అంది రత్తమ్మ.

క్లినిక్ ఒక పాత దుకాణాల వరసలో, మేడమీద ఉంది. మెట్ల కిందే కమరున్నీసా కనిపించింది. వెంట తన తోడికోడల్నీ, పొరుగింటావిడనీ తెచ్చింది. "ట్రైన్ల గంట పట్టింది. లేటు చేయకు, నడువు" అంది, తనే ఈ వ్యవహారమంతా మొదలుపెట్టినట్టు. ముగ్గురూ నంబర్లు తీసుకున్నారు. సత్యవాణి కూడా తీసుకుంది.

తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. నిన్న పూజలో మొహం చిట్లించిన పెద్దావిడ రొప్పుతూ పైకొచ్చి, టెక్కా మార్కెట్‌కి వచ్చి దారి తప్పానంది. ఎవరూ నవ్వలేదు, జరిగి చోటిచ్చారు. మా వారు అలాంటివారు కాదన్నామె వచ్చింది. పాస్ రద్దవుతుందని గొణిగినామె, మొహం కనిపించకుండా గొడుగు అడ్డం పెట్టుకుని వచ్చింది. నిన్నటి మల్లెలు జడల్లో వాడిపోయి ఉన్నాయి, పాదాల పసుపు ఇంకా పోలేదు. రెండు బెంచీలూ నిండిపోయి మెట్ల మీద కూర్చున్నారు. బల్ల దగ్గరున్న చైనా ఆవిడ నంబర్లు ఇచ్చి ఇచ్చి, ఇవాళ మీ పండగా అని అడిగింది. నిన్న అయిపోయిందని చెప్పింది సత్యవాణి.

పంతొమ్మిది మంది. సత్యవాణి ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో పేరంటాలు చేసింది, పట్టుచీరల మధ్య ఎన్నోసార్లు మురిసింది. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ ఎవరికీ పేరు లేదు, మొగుడి ఉద్యోగం లేదు, చేతిలో ఒక నంబరు తప్ప. ఎవరికోసం వచ్చావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎవరో ఒకరి కోసమే ఇదంతా అని అందరికీ అర్థమైందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. అర్థమయ్యే వచ్చారు. ఆ ఒకరు ఒంటరిగా కనపడకూడదని వచ్చారు.

ఇక రత్తమ్మ. లోపలి గదిలో సూది గుచ్చే కుర్చీ పక్కన ఒక స్టూలు ఉంది. ఆమె దాని మీద కూర్చుని, వచ్చిన ప్రతి మనిషి రెండో చెయ్యి పట్టుకుంది. సత్యవాణి చెయ్యి కూడా. "అటు చూడకండి, నా వంక చూడండి" అంది. ఆరేళ్లు తన గిన్నెలు తోమిన చెయ్యి అంత వెచ్చగా ఉంటుందని సత్యవాణికి తెలియదు. సిగ్గు, దుఃఖం, ఇంకా పేరు తెలియనిదేదో కలిసి ముంచుకొచ్చాయి. తల వంచుకుని ఆ చెయ్యి వదలకుండా పట్టుకుంది.

క్లినిక్ మూసే వేళకు ఇంకో పది నిమిషాలుందనగా వర్షిత వచ్చింది. మెట్ల మీద మనుషుల్ని చూసి అక్కడే ఆగిపోయింది. కమరున్నీసా లేచి తన చోటు చూపించింది. "కడుపుతోని నిలబడొద్దు బేటా, కూర్చో." వర్షిత కూర్చుంది. సంచిలోంచి చీటీ తీసింది. దాని మీద పసుపు మరక ఉంది. ఇరవయ్యో నంబరు ఆమెది.

వారం గడిచింది. నంబర్లు చెప్పి ఎవరి ఫలితం వాళ్లు తెచ్చుకున్నారు. సత్యవాణికి ఏమీ లేదన్నారు. మెట్లు దిగుతూ కళ్లు తుడుచుకుంది, ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. కమరున్నీసా ఫోన్ చేసి, తమ ఇంట్లో వచ్చే గురువారం ఖురాన్ చదువుకోవడానికి ముప్పై మంది ఆడవాళ్లు వస్తారనీ, ఖర్జూరాల పొట్లాల్లో పెట్టడానికి చీటీలు కావాలనీ అడిగింది. వర్షిత నుంచి మాత్రం కబురు లేదు. ఫోన్ తీయలేదు.

ఇంకో వారం పోయాక, ఆదివారం పదకొండు గంటలకు తలుపు చప్పుడైంది. వర్షిత. కళ్లు వాచి ఉన్నాయి, తలస్నానం చేసి శుభ్రమైన నూలుచీర కట్టుకుంది. చేతిలో పళ్లెం. పళ్లెంలో కుంకుమ భరిణె, తమలపాకులు, గుప్పెడు శనగలు.

"ఉందాంటీ" అంది గుమ్మంలోనే. "రెండోసారి కూడా చూశారు. నిన్న చెప్పారు."

సత్యవాణి పళ్లెం అందుకోబోయింది, వర్షిత ఇవ్వలేదు.

"ఆయన్ని అడిగాను. ఏడ్చారు. ముందే అనుమానమట." ఆ పిల్ల పళ్లెం మరో చేతికి మార్చుకుంది. "ఆయనతో ఉంటానో, అమ్మ దగ్గరికి పోతానో ఇంకా తెలీదు. ముందు బిడ్డ సంగతి. ఇప్పుడే మందులు మొదలుపెడితే బిడ్డకి రాకుండా చూడొచ్చన్నారు. టైముకే వచ్చావన్నారు." కళ్లెత్తి చూసింది. "ఇదంతా నా కోసమే చేశారు కదాంటీ?"

సత్యవాణి నోరు తెరిచింది. ఒట్టు గుర్తొచ్చింది. మూసేసింది.

"చెప్పొద్దులెండి" అంది వర్షిత. "రత్తమ్మగారేరి?"

గారు అన్న మాటకు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వర్షిత నేరుగా అక్కడికే వెళ్లి, పళ్లెం గట్టు మీద పెట్టి, ఉంగరపు వేలు కుంకుమలో ముంచింది. రత్తమ్మ గోడదాకా వెనక్కి జరిగింది.

"వద్దు తల్లీ. నాకు పెట్టకూడదు. కడుపుతో ఉన్నదానివి, నీకు మంచిది కాదు."

"మీరు ఆ స్టూలు మీద కూర్చోకపోతే నేను ఆ గది గుమ్మం దాటేదాన్ని కాదు. నాకు ఏది మంచో అది మీరు అప్పుడే చేశారు."

రత్తమ్మ సత్యవాణి వైపు చూసింది. ఆ చూపు అనుమతి అడిగే చూపు. ఇన్నేళ్లుగా ఉప్పుకీ పప్పుకీ కూడా అలాగే చూసేది. సత్యవాణి ముందుకొచ్చి, రెండు చేతులతో రత్తమ్మ భుజాలు పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. తనే నేల మీద కూర్చుని, ఆమె పాదాలకు పసుపు రాసింది.

వర్షిత బొట్టు పెట్టింది. కొంగు తీసి చేతుల మీద కప్పుకుంది. శనగలు, ఆకులు, ఆకుల మధ్య మడతపెట్టిన ఆ ఫలితం కాగితం. కన్నతల్లికి ఇంకా చూపించలేదు దాన్ని.

"ఇస్తినమ్మ వాయనం."

ఆ మాటలు రత్తమ్మ మరిచిపోయిందేమో అనుకుంది సత్యవాణి. అందివ్వబోయింది కూడా. ఈలోగా తడి ఆరని రెండు చేతులు కొంగు కిందికి వెళ్లాయి.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

"నా వాయనం పుచ్చుకున్నదెవరు?"

అక్కడ గౌరీదేవి పేరో లక్ష్మీదేవి పేరో చెప్పాలి. నేల మీద నుంచి సత్యవాణి తలెత్తి చూసింది.

"నేనేనమ్మా" అంది రత్తమ్మ, పొట్లాన్ని గుండెలకు హత్తుకుని. "రత్తమ్మని."